ముద్ర వేయించని కాగితం

నేను చేసిన తప్పు చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఒక కాగితం మీద వేయించాల్సిన ముద్ర వేయించలేదు. అంతే. ఆ ‘అంతే’ని పదేళ్ళుగా మోస్తున్నాను. ఆఫీసులో, కారులో, ఎవరింట్లోనో జరిగే పుట్టినరోజు పార్టీలో, నలుగురూ నవ్వుతున్న చోట నేనూ నవ్వుతూ మోస్తున్నాను. మా ఆవిడకి తెలియదు. పక్కన పడుకునే మనిషికి తెలియకుండా ఒక విషయాన్ని పదేళ్ళు దాచడం ఎంత సులువో తెలిశాక, నా మీద నాకే ఒక రకమైన భయం పట్టుకుంది.

పేరు రాయడం లేదు. పేరు రాసే ధైర్యమే ఉంటే మీకెందుకు రాస్తాను, చెప్పాల్సిన మనిషికే చెప్పేవాణ్ణి. ఆ మనిషి మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఉంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ ముందు నోరు తెరవగలుగుతున్నాను. ఇది పిరికివాడి పద్ధతి అని మీరనుకుంటే, నేను కాదనను.

డెబ్భైల చివర్లో మేం న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఉండేవాళ్ళం. ఇప్పటికీ అక్కడే ఉన్నాం. అప్పటికి ఇక్కడ మన షాపులు లేవు. కందిపప్పు కావాలంటే న్యూయార్క్ దాకా వెళ్ళి రావాలి. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిపితే తెలుగువాళ్ళం ఓ పదిహేను ఇళ్ళు. ఎవరి కారు ఆగిపోయినా, ఎవరి పిల్లకి జ్వరం వచ్చినా ఆ పదిహేను ఇళ్ళకీ ఫోన్లు వెళ్ళేవి. ఒక్కొక్కరికి ఒక్కొక్క పని అబ్బింది. ఒకాయన పుస్తకం చూసి సత్యనారాయణ వ్రతం చేయించేవాడు. ఒకావిడ పసిపిల్లలకి నలుగు పెట్టి స్నానం చేయించేది. నా వంతుకి వీసా కాగితాలు వచ్చాయి.

ఆ రోజుల్లో మన దేశం నుంచి ఎవరైనా రావాలంటే, మన ప్రభుత్వం వాళ్ళని వెంట తెచ్చుకోనిచ్చే డాలర్లు రెండ్రోజుల కాఫీకి చాలేవి కావు. కాబట్టి ఇక్కడ ఉద్యోగం ఉన్నవాడు ఎవడో ఒకడు పూచీ పడాలి. ఈ మనిషి తిండీ బసా నావి, మీ ప్రభుత్వం మీద పడనివ్వను అని రాసి ఇవ్వాలి. దాని పేరు అఫిడవిట్. మేం స్పాన్సర్ కాగితం అనేవాళ్ళం. దానికి ఆఫీసు నుంచి జీతం లెటరు, బ్యాంకు నుంచి ఒక లెటరు, టాక్సు కాపీ జతచేయాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. నోటరీ ఎదుట కుడిచెయ్యి ఎత్తి, ఇందులో రాసిందంతా నిజమని ప్రమాణం చేసి, నోటరీ చూస్తుండగా సంతకం పెట్టాలి. అప్పుడు ముద్ర వేస్తారు. ఆ ముద్ర లేకపోతే అది ఉత్త కాగితం. ఈ సంగతి నాకు తెలిసినంత బాగా ఆ పదిహేను ఇళ్ళలో ఇంకెవరికీ తెలియదు. ఎవరికి కావాలన్నా టైపు చేసేది నేనే, కవరు అంటించేది నేనే. అందరూ నన్ను అడిగేవాళ్ళు. నాకు ఆ పెద్దరికం నచ్చేది కూడాను.

ఆమెను శారద అంటాను. అసలు పేరు అది కాదు. భర్త ప్రసాద్ ఇక్కడి యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తుండేవాడు. వాళ్ళు అమెరికాలో దిగిన రోజు ఎయిర్‌పోర్టుకి కారు వేసుకుని వెళ్ళింది నేనే. ఆ రోజు నుంచీ ఆమె నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది. నాకు తోబుట్టువులు లేరు. ఆ పిలుపు నాకు ఎంత ఇష్టంగా ఉండేదో చెప్పకపోతే, నేను చేసిన పని ఎంత నీచమైనదో మీకు తెలియదు.

వాళ్ళకి రెండేళ్ళ కూతురు ఉండగా శారద మళ్ళీ కడుపుతో ఉంది. ఐదో నెలలో ఏదో తేడా వచ్చింది. డాక్టరు మంచం దిగొద్దన్నాడు. బరువులు ఎత్తొద్దు, మెట్లు ఎక్కొద్దు. వాళ్ళది పై అంతస్తు అపార్ట్‌మెంట్. బట్టలు ఉతికే మెషీన్లు బేస్‌మెంటులో ఉంటాయి. ప్రసాద్ తెల్లవారి లేబ్‌కి వెళ్తే చీకటిపడ్డాక వచ్చేవాడు. రెండేళ్ళ పిల్లని పెట్టుకుని మంచం దిగకుండా ఉండమంటే ఎలా ఉంటుంది? మా ఆవిడ శనివారాలు వెళ్ళి వంట చేసి, బట్టలు ఉతికి వచ్చేది. మిగతా ఆరు రోజులూ శారదే చేసుకునేది.

శారద వాళ్ళమ్మగారు ఒంగోలులో ప్రసూతి నర్సు. భర్త చనిపోయాక ఆ ఉద్యోగంతోనే పిల్లని పెంచింది. ఎన్ని వందల పురుళ్ళు పోసిందో ఆవిడకే గుర్తులేదని శారద నవ్వుతూ చెప్పేది. కూతురి సంగతి తెలియగానే ఆవిడ సెలవు పెట్టింది. పాస్‌పోర్టు తీయించుకుంది. ఇక కావలసింది స్పాన్సర్ కాగితం ఒక్కటే.

ఒక ఆదివారం మేమిద్దరం చూడ్డానికి వెళ్ళినప్పుడు అడిగింది. సోఫాలో పడుకుని ఉంది. కాళ్ళ కింద రెండు దిండ్లు.

“అన్నయ్యా, అమ్మకి స్పాన్సర్ లెటర్ మీరు ఇస్తారా? ఈయన స్టైపెండ్ చూపిస్తే వాళ్ళు నవ్వుతారట.”

“దానికి అడగడం ఎందుకమ్మా?”

“అలా కాదు అన్నయ్యా. మీకేదైనా ఇబ్బంది ఉంటే ఇప్పుడే చెప్పెయ్యండి. వేరేవాళ్ళని అడుగుతాను. నేనేం అనుకోను.”

“ఇబ్బందేంటి? నీకు కాకపోతే ఇంకెవరికిస్తాను?”

ఆమె నాకు దారి ఇచ్చింది. ఎంత మర్యాదగా ఇచ్చిందో చూడండి. కాదంటే ఏమీ అనుకోనని ముందే చెప్పింది. కాదమ్మా, ఈ సంవత్సరం నాకు కుదరదు, ఫలానా ఆయన్ని అడుగు అని ఒక్క ముక్క అని ఉంటే చాలు. నలుగురైదుగురు సంతోషంగా ఇచ్చేవాళ్ళు. అనలేదు. మొహమాటం అంటారు మనవాళ్ళు. మంచివాళ్ళకి ఉండే జబ్బు అన్నట్టు ముద్దుగా చెప్పుకుంటారు. నా విషయంలో అది మంచితనం కాదు. మంచివాడు అనిపించుకోవాలన్న యావ.

ఎందుకు కుదరదో చెప్తాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది.

మా తోడల్లుడు ఇరిగేషన్ శాఖలో పెద్ద ఇంజనీరు. నా పెళ్ళినాటికి నేను పాలిటెక్నిక్‌లో చిన్న ఉద్యోగిని. అత్తవారింట్లో ఆయనకి వెండి కంచం పెట్టేవాళ్ళు, నాకు స్టీలు కంచం. ఎవరూ ఏమీ అనలేదు. కంచం మాత్రం అలా వచ్చేది. ఆయన నాతో మాట్లాడేటప్పుడు నా మొహం చూడకుండా పేపరు చూస్తూ మాట్లాడేవాడు. అమెరికా వచ్చాక, ఆయన ఇక్కడికి వచ్చి నా కారెక్కి, నేను తిప్పిన చోటల్లా తిరగాలని నాకు ఒక కోరిక పుట్టింది. నాలుగేళ్ళు ఉత్తరాలు రాసి ఒప్పించాను. ఆ వచ్చే వేసవికి ఆయనా, మా వదినగారూ రావడం ఖాయమైంది. వాళ్ళకి స్పాన్సర్ కాగితం నేనే ఇవ్వాలి.

ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉంది. ఇంతకుముందు మీరు ఎవరెవరికి ఇలా పూచీ పడ్డారు, పేర్లు రాయండి అని. దాని మీద మా పదిహేను ఇళ్ళలో ఒక నమ్మకం పాకింది. ఒకే సంవత్సరంలో రెండు పేర్లు కనిపిస్తే, రెండోవాళ్ళకి వీసా ఇవ్వరని. ఎవరు పుట్టించారో తెలియదు. ఎవరికో మద్రాసు కాన్సులేటులో అలా జరిగిందట. ఎవరికో అన్నది ఎవరూ చెప్పలేకపోయారు. అయినా అందరం నమ్మాం. ఒక జీతానికి ఏడాదికి ఒక్క కాగితం. దాన్ని ఇంట్లో పెళ్ళికి దాచిన బంగారంలా దాచుకునేవాళ్ళం.

మా ఆవిడ మీద నెపం పెట్టడానికి కూడా నాకు వీల్లేదు. ఆ రోజు కారులో తిరిగి వస్తూ తనే అంది.

“శారదకి ఇచ్చెయ్యండి. అక్కావాళ్ళు ఎప్పుడైనా రావచ్చు. ఈ పిల్ల పురుడు ఆగదు కదా.”

“ఇస్తాలే,” అన్నాను. ఎలా ఇస్తానో చెప్పలేదు. అప్పటికి నాకూ తెలియదు. తెలియదనే అనుకుంటాను.

ఆ వారమే అన్నీ టైపు చేశాను. ఆఫీసు లెటరు తీసుకున్నాను. లంచ్ టైములో బ్యాంకుకి వెళ్ళి బ్యాంకు లెటరు తీసుకున్నాను. నోటరీ కూడా ఆ బ్యాంకులోనే ఉండేది. నడివయసావిడ. కిటికీ పక్కన బల్ల. నన్ను చూసి చెయ్యి ఊపింది, ఒక్క నిమిషం ఆగమన్నట్టు. నా చేతిలో కాగితం ఉంది. శారద వాళ్ళమ్మగారి పేరు, ఊరు, పుట్టిన తేదీ, అన్నీ నేను టైపు చేసినవే.

క్యూ పెద్దగా ఉందని వెళ్ళిపోయానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. క్యూలో ఒక్క ముసలాయన ఉన్నాడు. అంతే. ఆయన పని కూడా అయిపోవచ్చింది. టోపీ తీసి పెట్టుకుంటున్నాడు. నేను ఆ బల్లకి పదడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. ఇప్పుడు ఈ ముద్ర పడితే, వేసవికి తోడల్లుడి కాగితంలో ఈ పేరు రాయాలి. రాస్తే ఆయనకి వీసా రాదు. రాకపోతే ఆయన పేపరు చూస్తూ నవ్వుతాడు. ఇదే ఆలోచించాను. ఇంత చిన్న సంగతే ఆలోచించాను. అప్పుడు ఇంకో ఆలోచన వచ్చింది. ముద్ర పడకపోతే ఇది అఫిడవిట్టే కాదు కదా అని.

ఆ మాట నాకు ఎంత హాయిగా తోచిందో మీకు చెప్పలేను. ముద్ర లేకపోతే నేను ఎవరికీ పూచీ పడనట్టే. వేసవిలో ఆ ఫారం మీద, ఇంతకుముందు ఎవరికీ ఇవ్వలేదు అని నిజమే రాయొచ్చు. ఒక్క అబద్ధం కూడా రాయనక్కర్లేదు. శారదకి ఇస్తానన్న మాటా దక్కుతుంది, కాగితం ఇస్తున్నాను కదా. ఎవరి దగ్గరా చెడ్డవాణ్ణి కానక్కర్లేదు. నేను చదువుకున్నవాణ్ణి. అబద్ధమాడకుండా మోసం చెయ్యడం చదువుకున్నవాళ్ళకి బాగా వస్తుంది.

వెనక్కి తిరిగి కారులోకి వెళ్ళాను. స్టీరింగు మీద కాగితం పెట్టుకుని సంతకం చేశాను. కింద నోటరీకి వదిలిన చోటు ఖాళీగానే ఉంది. అన్నీ కవరులో పెట్టి, అదే దారిలో పోస్టాఫీసుకి వెళ్ళి ఒంగోలుకి రిజిస్టర్ చేశాను. సాయంత్రం శారదకి ఫోన్ చేసి పంపేశానని చెప్పాను. “అన్నీ పెట్టారు కదా అన్నయ్యా?” అని అడిగింది. అన్నీ పెట్టానన్నాను.

ఆవిడకి ఎలాగోలా వీసా వచ్చేస్తుందేమోనని నేను ఆశపడ్డానా? పడ్డాననే చెప్పుకుంటూ వచ్చాను. మద్రాసులో వీసా కిటికీ దగ్గర కూర్చున్నవాడు చూడకపోవచ్చు, చూసినా పోనీలే అనొచ్చు. కానీ నిజంగా అలా అనుకుని ఉంటే, వేసవిలో ఆ ప్రశ్నకి ఏం రాస్తానో కూడా ఆలోచించి ఉండాలి కదా? ఆలోచించలేదు. రాదని తెలుసు కాబట్టే ఆలోచించలేదు.

ఆవిడ ఒంగోలు నుంచి రాత్రి బండెక్కి మద్రాసు వెళ్ళింది. తెల్లవారకముందే కాన్సులేటు బయట వరసలో నిలబడింది. రెండు వారాల తర్వాత ఉత్తరం వచ్చింది. శారద నాకు ఫోన్‌లో చదివి వినిపించింది. స్పాన్సరు కాగితం చెల్లదన్నారమ్మా, ఏం సరిగా లేదో అడిగే లోపల నా వెనకావిణ్ణి పిలిచేశారు, పాస్‌పోర్టు చివర ఒక ముద్ర కొట్టి ఇచ్చేశారు అని రాసింది. ఆ చివరి వాక్యం శారద రెండుసార్లు చదివింది.

“వాళ్ళు అలాగే ఏదో ఒకటి అంటారమ్మా,” అన్నాను. “ఒంటరిగా ఉన్న ఆడవాళ్ళకి ఇవ్వకపోవడానికి సవాలక్ష వంకలు.”

“మళ్ళీ వెంటనే పంపిద్దామా అన్నయ్యా? ఇంకోళ్ళతో రాయించి?”

ఇదిగో, ఇక్కడ నాకు రెండో అవకాశం వచ్చింది. సరే అంటే సరిపోయేది. ఆ కాగితం పోస్టులో పాడైందనో ఇంకేదో చెప్పి, కొత్తది ఇంకొకరితో ఇప్పిస్తే సరిపోయేది. కానీ ఇంకొకరు రాయిస్తే, పాత కాగితంలో ఏం తప్పు జరిగిందని అడుగుతారు. మద్రాసులో మళ్ళీ అడుగుతారు. నా పని బయటపడుతుంది. అందుకని, కాగితాల పెద్దమనిషిని కాబట్టి, ఒకసారి కాదన్నాక ఆర్నెల్ల దాకా మళ్ళీ వెళ్ళకూడదమ్మా, వెళ్తే ఇక శాశ్వతంగా ఇవ్వకూడదని రాసేసుకుంటారు అని చెప్పాను. అలాంటి రూలు లేదు. అప్పటికప్పుడు పుట్టించాను. ఆమె నమ్మింది. వీసాల విషయంలో నా మాటకి ఎదురుచెప్పేవాళ్ళు ఆ పదిహేను ఇళ్ళలో లేరు.

ఫిబ్రవరిలో, ఒక మంగళవారం, శారద బట్టల బుట్ట పట్టుకుని బేస్‌మెంటుకి దిగింది. పిల్లకి తొడగడానికి ఒక్క జత కూడా లేదట. తిరిగి మెట్లెక్కుతుంటే రక్తం కనిపించింది. మగపిల్లవాడు. ఏడో నెల. సాయంత్రం దాకా బతికాడు.

నేలంతా గడ్డకట్టి ఉంది. శ్మశానానికి కారు నేనే నడిపాను. ప్రసాద్ పక్కన కూర్చుని పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాడు. షూ డబ్బాకన్నా కొంచెం పెద్దది. ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడు అతను, “మీరు లేకపోతే ఈ దేశంలో మాకెవరున్నారండీ,” అన్నాడు. నేను లైటు వంకే చూస్తూ ఉన్నాను. ఆకుపచ్చ పడింది, వెళ్ళాను.

డాక్టరు ఒక మాట అన్నాడు. మంచం మీద ఉన్నా ఇలా జరగడానికి అవకాశం ఉంది అని. ఆ మాట నాకు ప్రసాద్ చెప్పాడు. దాన్ని ఎన్నేళ్ళు పట్టుకు వేలాడానో. అవకాశం ఉంది. నిజమే. కానీ ఆవిడ ఉండి ఉంటే? వందల పురుళ్ళు పోసిన మనిషి. కూతురి మొహం రంగు చూసి చెప్పేసేది. ఆ బుట్ట ముట్టుకోనిచ్చేదా? ఆ మెట్లు దిగనిచ్చేదా? నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. ఆ తెలియకపోవడంలోనే నేను పదేళ్ళు తలదాచుకున్నాను. శారదకి మళ్ళీ పిల్లలు కలగలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. చెప్పకుండా దాటెయ్యొచ్చు, మీకు తెలియదు. ఏప్రిల్‌లో తోడల్లుడి కాగితం టైపు చేశాను. ఇంతకుముందు ఎవరికిచ్చారు అన్న చోట, ఎవరికీ లేదు అని కొట్టాను. ఆ పిల్లవాడు పోయి రెండు నెలలు కాలేదు. నా వేళ్ళు వణికాయని రాస్తే బాగుండును. వణకలేదు. బ్యాంకుకి వెళ్ళాను. ఆ నోటరీ ముందే కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశాను. ముద్ర వేసి, హావ్ ఎ నైస్ డే అంది. నేనూ అన్నాను.

వాళ్ళు జూన్‌లో వచ్చారు. మూడు వారాలున్నారు. నా కారులో తిరిగారు. నయాగరా తీసుకెళ్ళాను. తోడల్లుడు చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు చూసి, “మా సాగర్‌లో గేట్లన్నీ ఒకేసారి ఎత్తితే ఇంతకన్నా బాగుంటుంది,” అన్నాడు. దీనికోసం. నిలువునా తడుస్తూ, ఆ రైలింగు పట్టుకుని, దీనికోసమా అనుకున్నాను. అక్కడ తీసిన ఫోటోలో నేను నవ్వుతూనే ఉన్నాను.

వాళ్ళు ఇక్కడున్నప్పుడు ఒక రోజు శారద వచ్చింది. చిక్కిపోయి ఉంది. మా వదినగారికి బొట్టు పెట్టి, జాకెట్టు గుడ్డ పెట్టింది. “మీవాళ్ళకి వచ్చింది, సంతోషం అన్నయ్యా,” అంది. అందులో దెప్పిపొడుపు ఏమీ లేదు. ఉంటే బాగుండును అనుకున్నాను.

ఆ నమ్మకం, అదే ఏడాదికి ఒక్క పేరు అన్నది, ఉత్త గాలిమాట. ఆ తర్వాత నేను ఎవరడిగినా కాగితం ఇచ్చాను. ముక్కూమొహం తెలియని వాళ్ళ చుట్టాలకి కూడా ఇచ్చాను. ఒకే ఏడాదిలో నాలుగు పేర్లు రాసి పంపిన రోజులున్నాయి. నలుగురూ దిగారు. వాళ్ళు ఎయిర్‌పోర్టులో బయటికి వస్తుంటే, వాళ్ళ పిల్లలు పరిగెత్తి వెళ్ళి పట్టుకుంటుంటే, నేను కార్ పార్కింగ్ వైపు నడిచేవాణ్ణి. అందరూ నన్ను మహానుభావుడన్నారు. ఎంతమందికి ముద్ర వేయిస్తే ఆ ఒక్క ముద్రకి సమానమవుతుంది? అలా లెక్క కుదరదని తెలిసీ వేయిస్తూ పోయాను.

శారద వాళ్ళమ్మగారు మళ్ళీ మద్రాసు వెళ్ళలేదు. నాకు ఆ వరసలో నిలబడే ఓపిక లేదమ్మా, నువ్వే రా అందట. శారద నాలుగేళ్ళకి వెళ్ళి చూసి వచ్చింది. రెండేళ్ళ క్రితం ఆవిడ చనిపోయింది.

పోయిన నెల శారద ఫోన్ చేసింది. ఇప్పుడు ఆమెది మంచి ఉద్యోగం. పక్క అపార్ట్‌మెంటులో కొత్తగా వచ్చిన ఒక అమ్మాయికి ఏడో నెల. ఆ అమ్మాయి తల్లికి తను స్పాన్సర్ చేస్తోంది.

“ఏమేం పెట్టాలో చెప్తారా అన్నయ్యా? రాసుకుంటాను.”

చెప్పాను. ఆఫీసు లెటరు, బ్యాంకు లెటరు, టాక్సు కాపీ. అలవాటు కొద్దీ నోటికి వచ్చేసింది.

“సంతకం మాత్రం ముందే పెట్టెయ్యకమ్మా. నోటరీ ఎదురుగా పెట్టాలి. స్టాంప్ వేయించడం మర్చిపోకు.”

“స్టాంప్ లేకపోతే?”

“తీసుకోరు.”

కాగితాలు తిప్పుతున్న చప్పుడు వచ్చింది.

“అమ్మ పేపర్స్ మీద స్టాంప్ లేదు అన్నయ్యా.”

నేను మాట్లాడలేదు.

“అమ్మ పోయినప్పుడు వెళ్ళాను కదా, పెట్టెలో దొరికాయి. అప్పుడు వెనక్కి ఇచ్చేసినట్టున్నారు. అన్నీ జాగ్రత్తగా దాచుకుంది. ఇవి చూసి టైప్ చేద్దామని ఇప్పుడు తీశాను. మీ సైన్ ఉంది. కింద ఖాళీగా ఉంది.”

నేను రిసీవర్ ఇంకో చెవికి మార్చుకున్నాను. చివరికి ఆమే అంది.

“మర్చిపోయుంటారు. అప్పట్లో మీకు ఎన్ని పనులో.”

“అవునమ్మా,” అన్నాను. “మర్చిపోయుంటాను.”

“సరే అన్నయ్యా. ఉంటాను,” అని పెట్టేసింది.

ఆమె అడిగిందా, క్షమించిందా, పరీక్షించిందా? ఆ నాలుగు మాటల్ని ఈ నెల రోజులుగా అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను. పదేళ్ళ క్రితం సోఫాలో పడుకుని నాకు దారి ఇచ్చినట్టే మళ్ళీ ఇచ్చింది. అప్పుడు ఆ దారి వదులుకున్నాను. ఈసారి మాత్రం గబుక్కున పట్టుకున్నాను. ఎప్పుడు ఏది చెయ్యకూడదో అదే చేశాను. ఆ తర్వాత ఆమె ఫోన్ చెయ్యలేదు. ఆ పక్కింటి అమ్మాయి తల్లి పోయిన వారం దిగిందట. శారదే ఎయిర్‌పోర్టుకి వెళ్ళి తీసుకొచ్చిందని మా ఆవిడ చెప్పింది. మీకు చెప్పలేదా అని అడిగింది. లేదన్నాను.

మీరు నన్ను ఏమనుకున్నా సరే. నన్ను ఓదార్చొద్దు. ఆ కాలం అలాంటిది, ఆ రూల్స్ అలాంటివి, ఎవరైనా భయపడతారు అనొద్దు. అవన్నీ నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకున్నప్పుడల్లా ఒక పూట గడిచేది. తర్వాత మళ్ళీ మొదటికి వచ్చేది. రేపు నేను ఆ ఇరవై నిమిషాల దూరం వెళ్ళి తలుపు తడతానో లేదో నాకు తెలియదు. వెళ్తానని మీకు మాటివ్వను. నా మాట విలువ ఎంతో ఇప్పటికి మీకూ తెలిసింది.

ఇంతవరకు ఎప్పుడు రాయబోయినా, ఆ ఒక్క చోటికి వచ్చేసరికి నా పెన్ను తనంతట తానే ‘మర్చిపోయాను’ అని రాసేది. చించేసి, మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి. ఈసారి రాస్తున్నాను.

శారదా, నేను మర్చిపోలేదు. నాకు గుర్తుంది. గుర్తుండే వెనక్కి తిరిగాను.

రాసి, మళ్ళీ చదువుకున్నాను. కొట్టెయ్యలేదు.